ఉప్పు నీటి లెక్క తేల్చిన టీచర్ - రౌల్ట్

ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీ చదివిన పేరెంట్స్‌కు రౌల్ట్ నియమం గుర్తుండే ఉంటుంది. ఆ రౌల్ట్ కొన్నేళ్లు స్కూల్లో పాఠాలు చెప్పిన టీచరని మాత్రం చాలామందికి తెలియదు.

ఫ్రాంస్వా మరీ రౌల్ట్ 1830 మే 10న ఉత్తర ఫ్రాన్స్‌లోని ఒక చిన్న ఊళ్లో పుట్టారు. పారిస్‌లో చదువు మొదలుపెట్టినా డబ్బులేక మధ్యలో ఆపేశారు. 1853లో రీమ్స్ పట్టణంలోని ఒక స్కూల్లో చిన్న ఉద్యోగంలో చేరారు. ఊళ్లు మారుతూ 1862లో సాన్స్ అనే పట్టణంలో కెమిస్ట్రీ టీచరయ్యారు. పాఠాలు చెబుతూనే పరిశోధన చేసి, 1863లో పారిస్ నుంచి డాక్టరేట్ అందుకున్నారు. 1867లో గ్రెనోబుల్ యూనివర్సిటీకి వెళ్లి చివరిదాకా అక్కడే పనిచేశారు.

ఆయనకు పేరు తెచ్చిన పని 48వ ఏట మొదలైంది. ఉప్పులు కరిగిన నీరు ఏ ఉష్ణోగ్రత దగ్గర గడ్డకడుతుందో కొలిచి 1878లో ప్రకటించారు. తర్వాత ఆవిరి పీడనం మీద దృష్టిపెట్టారు. ఏదైనా కరిగితే ద్రవం ఆవిరి పీడనం తగ్గుతుందని, ఎంత తగ్గేదీ కరిగిన కణాల సంఖ్యను బట్టే ఉంటుందని తేల్చారు.

నీటి ఆవిరి పీడనం బయటి గాలి పీడనంతో సమానమైనప్పుడే నీరు మరుగుతుంది. ఉప్పు కలిస్తే 100 డిగ్రీల దగ్గర అంత పీడనం రాదు, ఇంకాస్త వేడి కావాలి. లీటరు నీటిలో 58 గ్రాముల ఉప్పు వేస్తే బాయిలింగ్ పాయింట్ సుమారు 1 డిగ్రీ పెరుగుతుంది. ఒక చెంచాడు వేస్తే పెరిగేది డిగ్రీలో పదో వంతే! అంతమాత్రానికి అన్నం ముందుగా ఉడకదు.

అదే లీటరులో 342 గ్రాముల పంచదార వేసినా పెరిగేది అర డిగ్రీయే. కణాల లెక్కలో ఆ పంచదార, ఆ ఉప్పు సమానమే. మరి తేడా ఎందుకు? నీటిలో ఉప్పు రెండేసి అయాన్లుగా విడిపోతుంది. 1887లో స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ ఈ సంగతి వివరించినప్పుడు, రౌల్ట్ ఏళ్ల తరబడి కొలిచిన అంకెలు ఆ వాదనకు బలమిచ్చాయి.

1892లో లండన్ రాయల్ సొసైటీ ఆయనకు డేవీ పతకం ఇచ్చింది. 1901 ఏప్రిల్ 1న గ్రెనోబుల్‌లో కన్నుమూశారు.

టెన్త్, ఇంటర్ మార్కులతోనే పిల్లల భవిష్యత్తు తేలిపోతుందని మనం కంగారుపడతాం. చదువు మధ్యలో ఆగిన రౌల్ట్ మాత్రం పని ఆపలేదు. ఈసారి మీ పాపో బాబో ఉప్పేస్తే నీళ్లకు ఏమవుతుందని అడిగితే, సిలబస్‌లో లేదనకండి. ల్యాబ్ థర్మామీటర్ ఒకటి కొనిచ్చి, స్టవ్ దగ్గర మీరూ పక్కనే నిలబడండి.