యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 జనవరి 12 - 1948 ఆగష్టు) ప్రముఖ జీవరసాయన శాస్త్రవేత్త. ఫోలిక్ ఆమ్లం, బోదకాలు మందు హెట్రజాన్‌ల వలన ఈయన పేరు తెలుగువారికి సుపరిచితం. మెదడు కణాల మధ్య బంధాలు బలపడే, సడలే తీరును అర్థం చేసుకోవటానికి ఈయన తొలినాటి భాస్వరం పరిశోధన తోడ్పడిన సంగతి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

జీవిత విశేషాలు

సుబ్బారావు భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యాడు. ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. 1922లో మామగారి ఆర్థిక సహాయంతో అమెరికా వెళ్ళాడు. మరల స్వదేశానికి రాలేదు.

భాస్వరం పరిశోధన

హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తం, మూత్రాలలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించాడు. రసాయనాలు కలిపినపుడు ద్రావణం నీలిరంగుకు మారుతుంది. నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. ఈ పద్ధతితోనే కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను (1927), ఏ.టి.పి.ని (1929) వారు గుర్తించారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడు ఏ.టి.పి.ని విడిగా కనుగొన్నాడు. ఇంతటి కృషి చేసినా హార్వర్డులో సుబ్బారావుకు శాశ్వత పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ సంస్థలో చేరాడు.

మెదడు పరిశోధనలో ప్రాధాన్యం

నాడీకణం లోపలికంటే వెలుపల కాల్షియం సుమారు పదివేల రెట్లు ఎక్కువ. ఈ తేడాను నిలపటానికి కావలసిన శక్తి ఏ.టి.పి. నుండే లభిస్తుంది. సంకేతం అందినపుడు కాల్షియం కణంలోకి ప్రవేశిస్తుంది. హిప్పోకాంపస్ అనే భాగంలో అది ఒక్కసారిగా హెచ్చుగా వస్తే కొన్ని ఎంజైములు ప్రోటీనులకు ఫాస్ఫేటును తగిలిస్తాయి, బంధం బలపడుతుంది. కొద్దికొద్దిగా, ఎక్కువసేపు వస్తే కాల్సిన్యూరిన్ అనే ఎంజైము మేల్కొని ఫాస్ఫేటు తొలగింపుకు దారితీస్తుంది. అపుడు సంకేతాన్ని అందుకునే గ్రాహకాలు కణం ఉపరితలంనుండి తగ్గిపోయి బంధం సడలుతుంది. చిన్నమెదడులో తీరు వేరు. అక్కడ ఫాస్ఫేటు చేరటం వలననే బంధం బలహీనపడుతుంది. చిన్నమెదడులోని ఈ సడలింపును 1982లో జపాను శాస్త్రవేత్త మసావో ఇటో బృందం ప్రయోగంతో చూపింది. ఇలా సడలటం కేవలం మరపు కాదు, తప్పు కదలికలను దిద్దుకోవటానికీ ఇది అవసరమే.

సుబ్బారావు మరణించేనాటికి ఈ విషయాలేవీ తెలియవు. అయితే ఫాస్ఫేటును తొలగించే ఎంజైముల పనిని కొలవటానికి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి దశాబ్దాలపాటు ప్రయోగశాలలలో వాడుకలో ఉంది.

1995లో భారత తపాలా శాఖ ఈయన స్మారకంగా స్టాంపు విడుదల చేసింది.