విలియం థామస్ స్టెడ్

విలియం థామస్ స్టెడ్ (జూలై 5, 1849 - ఏప్రిల్ 15, 1912) ఇంగ్లండుకు చెందిన ప్రముఖ పత్రికా సంపాదకుడు, సంఘ సంస్కర్త. పరిశోధనాత్మక పాత్రికేయానికి బాట వేసినవారిలో ఒకడు. బాలికల క్రయవిక్రయాలను బయటపెట్టడానికి తానే రహస్యంగా కొనుగోలుదారుగా వ్యవహరించి, ఆ కారణంగా జైలుశిక్ష అనుభవించాడు. టైటానిక్ ఓడ ప్రమాదంలో మరణించాడు.

బాల్యం, విద్య

స్టెడ్ నార్తంబర్లాండ్ ప్రాంతంలోని ఎంబుల్టన్ గ్రామంలో జన్మించాడు. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. మొదట తండ్రి వద్దనే చదువుకుని, తరువాత వేక్‌ఫీల్డ్ సమీపంలోని సిల్కోట్స్ పాఠశాలలో కొంతకాలం విద్యనభ్యసించాడు. అనంతరం న్యూకాజిల్‌లో ఒక వర్తకుని వద్ద గుమాస్తాగా చేరాడు.

సంపాదకత్వం

1871లో, పాతికేళ్ళయినా నిండకముందే, డార్లింగ్టన్ నుండి వెలువడే నార్తర్న్ ఎకో దినపత్రికకు సంపాదకుడయ్యాడు. 1876లో బల్గేరియాలో ఒట్టోమన్ సైనికులు జరిపిన మారణకాండను ఖండిస్తూ సాగించిన ప్రచారంతో దేశమంతటా పేరు పొందాడు. 1880లో లండనులోని పాల్ మాల్ గెజెట్ పత్రికలో జాన్ మోర్లీకి సహాయకుడిగా చేరి, 1883లో సంపాదకుడయ్యాడు. పెద్ద శీర్షికలు, బొమ్మలు, ప్రముఖులతో ముఖాముఖిలు ఆ పత్రికలో విరివిగా చోటుచేసుకున్నాయి.

1885 నాటి రహస్య పరిశోధన

అప్పటి ఆంగ్ల చట్టం ప్రకారం బాలికల సమ్మతి వయస్సు 13 ఏళ్ళు. దానిని పెంచే బిల్లు పార్లమెంటులో ముందుకు సాగలేదు. పేద కుటుంబాల బాలికలను వ్యభిచార గృహాలకు అమ్ముతున్నారని నిరూపించడానికి స్టెడ్ పూనుకున్నాడు. సాల్వేషన్ ఆర్మీకి చెందిన బ్రామ్‌వెల్ బూత్, సంఘసేవిక జోసెఫిన్ బట్లర్ ఆయనకు తోడ్పడ్డారు. పూర్వం ఆ వృత్తిలో ఉండి మారిన రెబెకా జారెట్ ద్వారా, 13 ఏళ్ళ ఎలైజా ఆర్మ్‌స్ట్రాంగ్‌ను 5 పౌండ్లకు కొన్నట్లు ఏర్పాటు జరిగింది. బాలికను ఒక మంత్రసాని వద్ద పరీక్ష చేయించి, ఒక గృహానికి తీసుకువెళ్ళి, తరువాత సాల్వేషన్ ఆర్మీ సంరక్షణలో ఫ్రాన్సుకు పంపారు.

1885 జూలైలో వెలువడిన ఈ వ్యాసాలు సంచలనం కలిగించాయి. డబ్ల్యూ.హెచ్. స్మిత్ సంస్థ తన దుకాణాలలో ఆ సంచికలను అమ్మడానికి నిరాకరించగా, స్వచ్ఛంద సేవకులు వీధులలో అమ్మారు. అదే ఏడాది ఆగస్టులో సమ్మతి వయస్సును 16కు పెంచుతూ చట్టం వచ్చింది.

విచారణ, శిక్ష

వ్యాసాలలో ఎలైజా పేరును లిల్లీగా మార్చారు. కొన్న వ్యక్తి సంపాదకుడేనన్న విషయం పాఠకులకు తెలుపలేదు. తల్లి కుమార్తెను వెతకసాగడంతో అసలు సంగతి బయటపడింది. ఇంటిపనికి పంపుతున్నాననుకున్నానని తల్లి చెప్పింది. తండ్రి సమ్మతి తీసుకోలేదన్నది న్యాయస్థానంలో నిర్ణాయకమైంది. 1885 నవంబరు 10న స్టెడ్‌కు మూడు నెలలు, జారెట్‌కు ఆరు నెలలు శిక్ష పడింది. బూత్ నిర్దోషిగా విడుదలయ్యాడు. తరువాతి సంవత్సరాలలో ఆ తేదీన స్టెడ్ జైలు దుస్తులు ధరించేవాడు.

నైతిక చర్చ

ప్రజాహితం కోసం పాత్రికేయుడు మోసాన్ని ఆశ్రయించవచ్చునా అన్న ప్రశ్నకు ఈ ఉదంతం తొలి ప్రసిద్ధ ఉదాహరణలలో ఒకటి. వేలాది బాలికలకు రక్షణ కల్పించే చట్టం త్వరగా రావడానికి ఈ వ్యాసాలు కారణమయ్యాయని సమర్థకుల వాదన. ఏమీ తెలియని ఒక బాలికను తల్లిదండ్రుల నుండి వేరుచేసి, భయానికీ, అవమానకరమైన పరీక్షకూ గురిచేశారనీ, తానే కల్పించిన సంఘటనను సహజంగా జరిగినట్లు రాశాడనీ విమర్శకుల ఆక్షేపణ. ఉద్దేశం మంచిదైనా, దాని మూల్యాన్ని చెల్లించినది ముందుగా ఆ బాలికే. దారి చూపిన జారెట్‌కు సంపాదకుని కంటే రెట్టింపు శిక్ష పడడం కూడా గమనించదగినది.

చివరి దశ, మరణం

1890లో స్టెడ్ రివ్యూ ఆఫ్ రివ్యూస్ మాసపత్రికను స్థాపించాడు. 1899లో మొదలైన బోయర్ యుద్ధాన్ని వ్యతిరేకించి, అంతర్జాతీయ శాంతికి కృషిచేశాడు. ప్రేతాత్మలతో సంభాషణపై ఆయనకున్న నమ్మకం విమర్శలకు లోనైంది. న్యూయార్కులో జరిగే శాంతి సభకు వెళుతూ టైటానిక్ ఓడ మునిగినపుడు మరణించాడు. మృతదేహం లభించలేదు. లండనులో థేమ్స్ నది ఒడ్డున, న్యూయార్కు సెంట్రల్ పార్కు వద్ద ఆయన స్మారక ఫలకాలు ఉన్నాయి.