ఆకాశపుటీల విన్న ఆచార్యుడు

శత్రువు మాట వినగోరి నేలకు చెవి యొగ్గిన యొక శాస్త్రజ్ఞునకు ఆకాశపుటీల వినబడెను. ఆయన జర్మనీ దేశీయుడగు హైన్రిక్ బార్క్‌హౌజన్.

1881 డిసెంబరు 2వ తేదీన బ్రేమెన్ నగరమున జన్మించిన ఆయన, 1911లో డ్రెస్డెన్ సాంకేతిక విద్యాలయమున ఆచార్యుడయ్యెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున శత్రుసేనల టెలిఫోను సంభాషణలను పసిగట్టుటకై, నేలలో ప్రవహించు స్వల్పవిద్యుత్తును యంత్రముతో వృద్ధిచేసి వినుచుండిరి. ఒక్కొక్కప్పుడు ఆ మాటలను ముంచివేయుచు, తారస్థాయిలో మొదలై మంద్రమునకు జారు ఈల వినవచ్చెడిది. యంత్రదోషమని త్రోసిపుచ్చుట సులభమే. ఆయన యట్లు చేయక, కారణము తేలకున్నను, 1919లో ఆ వింతను లోకమునకు ప్రకటించెను.

సమాధానము 1953లో వచ్చెను. ఆ యీలకు పుట్టినిల్లు మెరుపే యని కేంబ్రిడ్జిలో ఓవెన్ స్టోరీ నిరూపించెను. మెరుపునుండి వెలువడు అత్యల్ప పౌనఃపున్య రేడియో తరంగములలో కొన్ని అయనోస్ఫియరును దాటి, భూమియొక్క అయస్కాంత బలరేఖల వెంబడి వేలకొలది కిలోమీటర్లు పయనించి, రెండవ అర్ధగోళమున దిగును. దారిలో హెచ్చు పౌనఃపున్యము గలవి ముందును, తక్కువవి వెనుకను చేరుటచే క్షణకాలపు మెరుపుచప్పుడు ఈలగా సాగును. వాని పౌనఃపున్యము మన చెవికందు ధ్వనులతో సమానము గనుకనే ఆ తరంగములు టెలిఫోనులో ఈలగా వినబడినవి. అంతకుముందు శూన్యప్రాయమని తలచిన యెత్తులందు గూడ ఎలక్ట్రానులు కలవని ఈ యీలయే తెలిపెను.

1945లో బాంబులకు ఆయన పరిశోధనాలయము నేలమట్టమయ్యెను. అరువదియైదవయేట, 1946లో, డ్రెస్డెనుకు మరలివచ్చి దాని పునర్నిర్మాణమునకు పూనుకొనెను. ఈల మర్మము వీడిన మూడేండ్లకు, 1956 ఫిబ్రవరి 20న కన్నుమూసెను.

తెలియనిదానిని తెలియనిదిగనే నమ్మకముగా వ్రాసియుంచుటయు శాస్త్రసేవయే. విద్యార్థులకు ఆయన జీవితమున నేర్వదగిన పాఠ మిదియే.