మరపు వెనుక జాడ

వయసు మీరినవారికి మతి తప్పడం సహజమనీ, అది ఉత్త చాదస్తమనీ లోకం చాలాకాలం భావించింది. మొవ్వ మొదలు మ్యూనిక్ వరకు ఇదే తలంపు. ఆ మరపు ఒక వ్యాధి కావచ్చుననీ, దాని జాడలు మెదడులోనే కనిపిస్తాయనీ చూపినవాడు అలాయిస్ ఆల్జైమర్.

ఆయన 1864 జూన్ 14న జర్మనీలోని మార్క్‌ట్‌బ్రైట్ పట్టణంలో జన్మించాడు. వైద్యవిద్య ముగించి 1888లో ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక చికిత్సాలయంలో చేరాడు.

1901లో ఆయనకు భార్యావియోగం కలిగింది. ఆ నవంబరులోనే అగుస్తె డేటర్ అనే 51 ఏళ్ల స్త్రీని చికిత్సాలయానికి తెచ్చారు. వార్ధక్యం ఇంకా రాని వయసు! పేరు వ్రాయమంటే శ్రీమతి అనే మాట వ్రాసి, తక్కినది మరచిపోయేది. ఆల్జైమర్ ఆమె ఎదుట కూర్చుండి, ఓపికతో ప్రశ్నించి, జవాబులన్నీ వ్రాసుకొన్నాడు. తరువాత మ్యూనిక్ వెళ్లినా ఆమెను మరువలేదు. 1906 ఏప్రిల్‌లో ఆమె మరణించగా మెదడును తెప్పించుకొని, వెండి లవణాలతో రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో పరీక్షించాడు. కణాల నడుమ మచ్చలు, కణాల లోపల చిక్కుపడిన పోగులు కనిపించాయి.

ఆ నవంబరు 3న ట్యూబింగెన్ వైద్యసభలో ఈ విషయం వివరించాడు. ఒక్కరైనా ప్రశ్న వేయలేదు. నూతన సత్యాలకు తరచుగా లభించే స్వాగతమిదే కదా! 1910లో క్రేపెలిన్ తన గ్రంథంలో ఆ వ్యాధిని ఆల్జైమర్ పేరుతో పేర్కొన్నాడు.

1915 డిసెంబరు 19న ఆల్జైమర్ బ్రెస్లావ్ నగరంలో కన్నుమూశాడు. ఆయన వయస్సూ 51 సంవత్సరాలే. తలకు పదేపదే దెబ్బలు తిన్న ముష్టియోధుల మెదళ్లలోనూ అటువంటి చిక్కుపోగులున్నట్లు 1973లో బ్రిటన్ పరిశోధకులు ప్రకటించారు. ఆయన స్వహస్తంతో వ్రాసిన అగుస్తె వివరాల దస్త్రం 1995లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో బయటపడింది.