గిడుగు మేస్టారికి చెవుడెలా వచ్చిందో తెలుసా?

గిడుగు రామ్మూర్తి అనగానే ఆగస్టు 29, వాడుక భాష అంటాం. నాకు మాత్రం ముందు సవర కొండలే గుర్తొస్తాయి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ.

1863లో మన సిక్కోలు దగ్గర పర్వతాలపేటలో పుట్టారాయన. పర్లాకిమిడిలో మేస్టారు ఉద్యోగం. సవరలకి చదువు చెప్పాలంటే ముందు ఆళ్ల మాట తనకి రావాలనుకున్నారు. రెండు భాషలూ వచ్చిన ఒక సవరని ఇంట్లోనే పెట్టుకుని నేర్చుకున్నారు. సవరలో వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టారు. సర్కారు బహుమానమిస్తానంటే, నాకొద్దు, ఆ డబ్బుతో బడి నడపండన్నారు. 1931లో సవర వ్యాకరణం అచ్చయింది.

ఆ కొండల్లో తిరిగితే దోమలు ఒగ్గుతాయా? మలేరియా పట్టింది. క్వినైను మింగీ మింగీ చెవుడొచ్చింది. 1940లో పోయేదాకా ఆ చెవుడు ఒదల్లేదు.

మన్యంలో జ్వరాలింకా పోలేదు. జాగ్రత్తలు తెలుగులో గడగడా చదివేస్తే ముసలమ్మ తలూపుతాది గానీ, ఏటి అర్థమైనట్టు? దోమతెర ఎందుకో, మందు మధ్యలో ఎందుకు ఆపకూడదో సవరలోనే చెప్పాల. ఆ ఊరి పిల్లకే తర్ఫీదిచ్చి, జీతమిచ్చి చెప్పించాల. మేస్టారి బొమ్మకి దండెయ్యడం కంటే ఇదే అసలు పని.