45 పాటల ఆల్బమ్‌కు 1,100 డాలర్లే.. 27 ఏళ్లకే ఆగిన డి.బూన్ గిటార్

రాక్ బ్యాండ్ నడపాలంటే పెద్ద కంపెనీ అండ ఉండాల్సిందేనా? అక్కర్లేదని చేసి చూపించారు అమెరికా గిటారిస్ట్ డి.బూన్. 1958 ఏప్రిల్ 1న పుట్టిన ఆయన పెరిగింది లాస్ ఏంజెలెస్ ఓడరేవు ప్రాంతం శాన్ పెడ్రోలో. చిన్ననాటి ఫ్రెండ్ మైక్ వాట్‌తో కలిసి సంగీతం నేర్చుకోమని ప్రోత్సహించింది తల్లే.

1980లో ఇద్దరూ కలిసి 'మినిట్‌మెన్' బ్యాండ్ పెట్టారు. ఆ తర్వాత డ్రమ్మర్ జార్జ్ హర్లీ చేరారు. ఎస్‌ఎస్‌టీ అనే చిన్న లేబుల్‌లో తొలి రికార్డు.. 7 పాటలు కలిపినా 7 నిమిషాలు లేవు!

పొదుపే వాళ్ల పద్ధతి. రేటు తక్కువని అర్ధరాత్రి రికార్డింగ్, ఒకసారి వాడిన టేపులు, టూర్లకు సొంత డ్రైవింగ్. సామాన్లూ వాళ్లే మోసుకునేవారు. 1984లో వచ్చిన 45 పాటల 'డబుల్ నికెల్స్ ఆన్ ద డైమ్' రికార్డింగ్‌కు అయింది సుమారు 1,100 డాలర్లే.

1985లో ఆర్.ఈ.ఎం. బ్యాండ్ టూర్‌లో వాయించే ఛాన్స్ వచ్చింది. పేరు వస్తున్న ఆ టైమ్‌లోనే.. డిసెంబర్ 22న అరిజోనాలో వ్యాన్ ప్రమాదం. జ్వరంతో వెనక పడుకున్న బూన్ ప్రాణాలు కోల్పోయారు. మినిట్‌మెన్ కథ అక్కడితో ముగిసింది. ఆ తర్వాత వాట్ తన ఆల్బమ్‌లను బూన్‌కే అంకితం చేస్తూ వచ్చారు.