పొలం కొన్న ప్రవక్త యిర్మీయా

ఏలీయా ప్రార్థిస్తే ఆకాశం నుండి అగ్ని దిగింది. యిర్మీయా జీవితంలో అలాంటి అద్భుతాలు లేవు. అందుకేనేమో, ఆయన మాకు మరింత దగ్గరివాడిగా అనిపిస్తాడు.

యెరూషలేము దగ్గరి అనాతోతు గ్రామంలో యాజకుల కుటుంబంలో పుట్టాడు. తండ్రి హిల్కీయా. క్రీ.పూ. 627 ప్రాంతంలో దేవుని పిలుపు వచ్చినప్పుడు తాను బాలుడినని, మాట్లాడడం చేతకాదని వెనుకాడాడు. వార్షికోత్సవంలో స్టేజి ఎక్కమంటే మనమూ అదే అంటాం కదా! అయినా వెళ్ళాడు. 40 ఏళ్ళు సేవ చేశాడు. విన్నవాళ్ళు కొద్దిమందే. సొంత ఊరివాళ్ళే చంపజూశారు. ఆయన చెప్పగా బారూకు రాసిన గ్రంథాన్ని యెహోయాకీము రాజు కత్తితో కోసి కుంపటిలో వేశాడు. ఇద్దరూ కూర్చుని మొత్తం మళ్ళీ రాశారు.

సిద్కియా కాలంలో బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించింది. లొంగిపొమ్మని చెప్పినందుకు అధికారులు యిర్మీయాను బురద గోతిలోకి దింపారు. పైకి లాగించినవాడు ఎబెద్మెలెకు అనే కూషీయుడు. తాళ్ళు ఒరుసుకోకుండా చంకల కింద పెట్టుకోవడానికి పాత గుడ్డలు కూడా అందించాడు. ఈ పరాయి దేశస్థుని పేరు మరచిపోకూడదు.

అన్నిటికంటే మాకు ఆశ్చర్యం కలిగించేది పొలం సంగతి. ముట్టడి సాగుతుండగా, యిర్మీయా చెరసాల ప్రాంగణంలో ఉండగా, పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి అనాతోతులోని తన పొలం కొనమన్నాడు. శత్రువు పాలవుతున్న నేలను ఎవరైనా కొంటారా? ఆ దేశంలో మళ్ళీ ఇళ్ళూ పొలాలూ కొంటారన్న దేవుని మాట నమ్మి, 17 తులాల వెండి తూచి ఇచ్చి, సాక్షులచేత సంతకాలు చేయించి, దస్తావేజులను మట్టికుండలో భద్రపరిపించాడు.

క్రీ.పూ. 586 ప్రాంతంలో పట్టణం కూలింది. మిగిలిన ప్రజలు ఆయన వద్దన్నా వినక ఐగుప్తుకు పోతూ ఆయననూ తీసుకుపోయారు. ఆ పొలంలో ఆయన పంట తీసినట్టు బైబిలులో ఎక్కడా లేదు.